కిట్ లారీ నేల మీద కుదురుగా నిలవాలంటే

ప్రశ్న: 1/25 స్కేలు ప్లాస్టిక్ కిట్‌తో పది చక్రాల లారీ కడుతున్నాను. ఛాసిస్ (బండి అడుగు చట్రం) అతికించి చక్రాలు తొడిగితే ముందు ఎడమ చక్రం నేలకు ఆనడం లేదు. దానికితోడు ముక్కు పైకి లేచినట్టుంది. ఎక్కడ సరిచేయాలి? (మలక్‌పేట పాఠకుడు)

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదట చక్రం సంగతి. చక్రాలూ యాక్సిళ్లూ తీసేసి, ఛాసిస్‌ను దళసరి గాజు పలక మీద పెట్టండి. బల్లనూ గచ్చునూ నమ్మొద్దు. నాలుగు మూలల కింద కాగితం దూర్చి చూడండి. ఒక మూల లేస్తే ఛాసిసే మెలి తిరిగిందన్నమాట. అడ్డపట్టీలను చేత్తో పట్టుకుని అతికిస్తే తరచూ ఇలాగే అవుతుంది. మెలి స్వల్పమైతే, పొయ్యి మీంచి అప్పుడే దించిన మరిగే నీళ్లలో రెయిలును (ఛాసిస్ పక్కనుండే పొడవాటి కమ్మీని) పది సెకన్లు ముంచి, ఎదురు దిశలో కాస్త ఎక్కువే తిప్పి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. కమాన్ కట్టలు (యాక్సిల్ మీది స్ప్రింగు పట్టీలు) తడవనివ్వొద్దు, సన్నవి గనక వంగిపోతాయి. మెలి ఎక్కువైతే ఒక అడ్డపట్టీ అతుకును సన్న రంపంతో కోసి, గాజు మీదే మళ్లీ అతికించడం మేలు.

ఛాసిస్ సమంగానే ఉంటే లోపం యాక్సిల్ కూర్చునే చోట ఉంటుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట పడ్డ గీత గానీ, కిట్ ముక్కలుండే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి కోసినప్పుడు మిగిలిన మొటిమ గానీ అడ్డుపడుతుంది. దాన్ని రుద్దేయడానికి రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) చాలు.

ఇక ముక్కు. ఈ స్కేలులో 2 మి.మీ. అంటే అసలు బండి మీద 50 మి.మీ., కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఖాళీ లారీ వెనక భాగం సహజంగానే కాస్త ఎత్తుగా ఉంటుంది, సరుకెక్కితే దిగుతుంది. మీ బండి ఖాళీదా, లోడుదా అన్నది ముందే తేల్చుకోండి. ముక్కు దించాలంటే యాక్సిల్ మీద కమాన్ ఆనే చోటును రెండు వైపులా సమంగా అరగదీయండి. వాలుగా అరగదీస్తే యాక్సిల్ ముందుకో వెనక్కో తిరుగుతుంది. కమాన్‌ను మాత్రం వంచొద్దు. దించాక టైరు మడ్‌గార్డుకు, యాక్సిల్ ఇంజిన్ అడుగుకు తగలకుండా చూసుకోండి. వెనక ఎత్తాలంటే కమాన్ కింద 0.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు ముక్క పెట్టండి. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే కడ్డీ) కోణం మారి పొడవు చాలకపోవచ్చు, అందుకే దాని ఒక కొసను చివరిదాకా అతికించకండి.

వెనక రెండు యాక్సిళ్లను మొదట, ముందు యాక్సిల్‌ను ఆఖరున అతికించండి. టైర్లతో సహా గాజు మీద నిలబెట్టి, పైన బరువు పెట్టి, ద్రావకం జిగురు (ప్లాస్టిక్‌ను కరిగించి అతికించేది) ఆరేదాకా రాత్రంతా కదల్చొద్దు.

ప్రశ్న: రంగు వేశాక బానెట్ మూతపడటం లేదు. (కూకట్‌పల్లి పాఠకురాలు)

జవాబు: రేడియేటర్ పైన కాస్త కాటుక రాసి బానెట్ మూయండి. లోపల మచ్చ పడితే తగులుతున్నది అక్కడే. రేడియేటర్ అడుగును అరగదీయండి. మచ్చ లేకపోతే అంచుల్లో పేరుకున్న రంగును గీకేయండి.

ప్రశ్న: వానాకాలంలో సూపర్ గ్లూ చుట్టూ తెల్లటి పొర వస్తోంది. (అంబర్‌పేట పాఠకుడు)

జవాబు: గాలిలో తేమ వల్ల. చుక్క కాదు, సూదిమొనంత చాలు, ఫ్యాను వేయండి. అద్దాల దగ్గర సూపర్ గ్లూ వాడకపోవడమే మంచిది.