మిల్లు మూసేశారు, నాన్నగారికి 54: పిఎఫ్ పెన్షన్ ఇప్పుడే పెట్టుకోవాలా, 58 దాకా ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారికి 54 నిండాయి. గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో 2003 నుంచి 22 ఏళ్లు చేశారు. మిల్లు మూతపడింది. ముందే పెన్షన్ పెట్టుకుంటే కోత పడుతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు. ఆగాలా, వద్దా?

నేను హైదరాబాద్‌లో మొదట బాలానగర్‌లో, తర్వాత జీడిమెట్లలో లేత్ మిషన్ మీద పనిచేసి, 2022లో 58 నిండాక దిగిపోయినవాణ్ణి. ఈ పెన్షన్ విషయంలో ఒక పెద్ద తప్పు చేశాను. అది తర్వాత చెప్తాను, ముందు మీ లెక్క చూద్దాం.

మా బావ గవర్నమెంటు టీచరు. ఆయన్ని చూసి నాకూ ఆఖరి జీతంలో సగం వస్తుందని చాలా ఏళ్లు అనుకున్నాను. మనది ఆ పెన్షన్ కాదు. 1995 నవంబరు 16న మొదలైన ఇపిఎస్-95, అంటే పిఎఫ్ ఉన్న ఉద్యోగుల పెన్షన్ పథకం. మన జీతంలో కోసే 12 శాతం మొత్తం పిఎఫ్‌లోకే పోతుంది, అందులోంచి పెన్షన్‌కు ఒక్క రూపాయి పోదు. కంపెనీ వేసే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు మళ్లిస్తారు, అదీ 15,000 జీతం వరకే. మీ నాన్నగారు 25 వేలు తీసుకున్నా పెన్షన్ లెక్కలో అది 15 వేలే. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకైతే ఆ హద్దు 6,500.

జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడమే సూత్రం. జీతమంటే ఆఖరి 60 నెలల సగటు, బేసిక్, డిఎ కలిపి. నాన్నగారి సర్వీసు దాదాపు చెరిసగం: 2014కు ముందు 11 ఏళ్లకు 1,021, తర్వాత 11 ఏళ్లకు 2,357. సర్వీసు 20 దాటింది కాబట్టి 58లో తీసుకుంటే ఇంకో 2 ఏళ్లు ఊరికే కలుపుతారు, దానికి ఓ 300. మొత్తం 3,700 దగ్గర తేలుతుంది. ఇది 58లో వచ్చేది. బేసిక్ 15 వేలు దాటిందనుకుని వేశాను, అంత లేకపోతే తగ్గుతుంది.

ఇప్పుడు కోత సంగతి. 50 దాటి, పని మానేసి, పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు ముందే పెట్టుకోవచ్చు. 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిస్తారు. పైగా ముందే పెట్టుకుంటే ఆ 2 ఏళ్లు కలపరు, కాబట్టి 54లో పెట్టుకుంటే నెలకు 2,850 దాకా వస్తుంది. అంటే తేడా 850. ఆ 850 జీవితాంతం పోతుంది, 58 వచ్చాక మళ్లీ పెరగదు. అందరూ భయపెట్టేది ఇక్కడే.

కానీ ఇంకో వైపు ఎవరూ చెప్పరు. ఈ నాలుగేళ్లలో 48 నెలలు 2,850 చొప్పున చేతికి వచ్చేది లక్షా ముప్పై ఆరు వేల పైనే. ఆగినవాడు నెలకు 850 ఎక్కువ తీసుకుంటూ ఆ సొమ్మును పూడ్చుకోవాలంటే 161 నెలలు, పదమూడేళ్లు పైనే. 58కి పదమూడు కలపండి. అంటే 71 దాటితే గానీ ఆగినందుకు లాభం మొదలుకాదు. పైగా ఈ పెన్షన్‌కు డిఎ ఉండదు, మొదట ఎంత వస్తే చివరిదాకా అంతే. అప్పటికి 850 రూపాయలకు ఏం వస్తుందో మీరే చెప్పండి.

అందుకని నా మాట: నాన్నగారికి మళ్లీ పిఎఫ్ ఉన్న ఉద్యోగం దొరికే అవకాశం లేకపోతే, ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంటే, ఇప్పుడే పెట్టేయండి. పెన్షన్‌లో 850 పోతుందని ఆగి, బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకునేవాళ్లను చూశాను. అంతకంటే తెలివితక్కువ పని లేదు. పిఎఫ్ సొమ్ము మాత్రం అవసరం లేకపోతే కదపకండి, 58 దాకా వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024-25కి 8.25 శాతం ఇచ్చారు.

అదే వేరే మిల్లులోనో, సెక్యూరిటీ ఏజెన్సీలోనో పిఎఫ్‌తో పని దొరికేలా ఉంటే పెట్టుకోవద్దు. తగ్గించిన పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు మళ్లీ ఉద్యోగంలో చేరినా పెన్షన్ ఖాతాలో డబ్బు కట్టరు, అంతా పిఎఫ్‌లోకే పోతుంది. సర్వీసు అక్కడితో ఆగిపోతుంది. పెట్టుకోకుండా చేరితే పాత 22 ఏళ్లకు కొత్తవి కలుస్తాయి, కోత కూడా ఉండదు. 58 దాటాక 60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెంచుతారు గానీ, అదీ ఇదే లెక్క. జీతం వస్తూ ఉన్నవాళ్లకు తప్ప దానికోసం ఆగడం నాకు నచ్చదు.

అమ్మగారి సంగతి కూడా చూసుకోండి. నాన్నగారి తర్వాత ఆమెకు వచ్చేది ఆయన తీసుకునే పెన్షన్‌లో సగం. ఇప్పుడు తగ్గితే అక్కడా తగ్గుతుంది. నన్నడిగితే దీన్ని ఇంట్లో ఆమెను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఇక నా తప్పు. 2002లో బాలానగర్ కంపెనీ మానేసినప్పుడు అక్కడి అకౌంటెంట్ రెండు ఫారాలు ఇచ్చి సంతకాలు పెట్టమన్నాడు. ఒకటి పిఎఫ్‌ది. రెండోది ఫారం 10-సి, పెన్షన్ సొమ్ము మొత్తం వెనక్కి తీసుకునేది. పదేళ్లు నిండకపోతే అలా తీసుకోవచ్చు. నాకు ఏడేళ్ల పైచిలుకు. ఇరవై వేల చిల్లర వచ్చింది, ఇంటి వెనక గదికి స్లాబు వేయించాను. ఆ ఏడేళ్లు అలా కొట్టుకుపోయాయి. దాని బదులు స్కీము సర్టిఫికెట్, అంటే పాత సర్వీసు ఏళ్లు నిలిపి ఉంచే కాగితం, తీసుకుని జీడిమెట్ల కంపెనీలో ఇచ్చి ఉంటే ఆ ఏడేళ్లు కలిసేవి, 6,500 లెక్కనే చూసినా నెలకు 650 ఎక్కువ వచ్చేది. మూడేళ్లు తిరక్కుండా ఆ స్లాబు డబ్బు తిరిగొచ్చేది. ఇప్పుడు నాకు వచ్చేది 3,100 చిల్లర. ఈ మధ్య ఆ గది కురుస్తోంది కూడా.

ఎవరైనా కుర్రాళ్లు ఇది చదువుతుంటే, కంపెనీ మారినప్పుడు ట్రాన్స్‌ఫర్ పెట్టండి, 10-సి జోలికి పోకండి.

పెన్షన్‌కు దరఖాస్తు, అంటే ఫారం 10-డి వేసినప్పుడు నాది రెండుసార్లు తిరగ్గొట్టారు. పిఎఫ్ రికార్డులో నా పేరు ముందు ఒక్క ఇనీషియల్ అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా. మన ఇంటిపేర్లతో ఈ గొడవ ఎంతమందికో. సరిచేయడానికి జాయింట్ డిక్లరేషన్ (మనమూ కంపెనీ కలిసి ఇచ్చే సవరణ పత్రం) మీద కంపెనీ సంతకం కావాలి. నా కంపెనీ నడుస్తూ ఉంది కాబట్టి నెలన్నరలో అయింది. మీ మిల్లు మూతపడింది, ఆఫీసులో ఒకరిద్దరు గుమాస్తాలైనా ఇంకా కూర్చుంటూ ఉంటే ఈ వారమే వెళ్లి పట్టుకోండి. పేరు, పుట్టినతేదీ, తండ్రిపేరు మూడూ ఆధార్‌తో సరిచూడండి. పని మానేసిన తేదీ వాళ్లు వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత నాన్నగారే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. 10-డికి అమ్మానాన్నలిద్దరూ కలిసి దిగిన ఫొటో కావాలి. మా ఆవిడ దానికోసం పట్టుచీర కట్టుకుంది, స్టూడియో అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు.

పెన్షన్ మొదలయ్యాక ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామనే ధ్రువపత్రం, ఇవ్వాలి. నవంబరులోనే ఇవ్వాలని లేదు, ఎప్పుడిస్తే అప్పట్నుంచి ఏడాది చెల్లుతుంది. ఇనుప రజనుతో నా వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మొదటి ఏడు సెంటర్లో అబ్బాయి పది వేళ్లూ పెట్టించాడు, ఒక్కటీ పడలేదు. కొబ్బరినూనె రాసి తుడిచి మళ్లీ పెట్టించాడు, ఊహూ. చివరికి మా అమ్మాయి ఫోన్లో ముఖం చూపిస్తే రెండు నిమిషాల్లో అయిపోయింది. నూలు మిల్లులో చేసిన చేతులు కదా, నాన్నగారికీ ముఖంతోనే చేయించండి.

ఒక పని చేయండి. పిఎఫ్ పాస్‌బుక్ తెరిచి పెన్షన్ కాలమ్ చూడండి. 2014 సెప్టెంబరు తర్వాత నెలనెలా 1,250 పడి ఉంటే నేను వేసిన 3,700 దాదాపు సరిపోతుంది. తక్కువ పడి ఉంటే ఏ ఏడాది ఎంత పడిందో ఇక్కడ రాయండి, మళ్లీ లెక్క వేసి చెప్తాను.