మొదటి సంవత్సరంలో తప్పిన అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు వస్తుందా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర ఒక పల్లె. అయిదెకరాల్లో పొగాకు వేస్తాను, ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్ ఒకటి ఉంది. మా అబ్బాయికి పదో తరగతిలో 600కు 352 మార్కులు వచ్చాయి. అవి కూడా లెక్కల్లో ఒకసారి తప్పి, సప్లిమెంటరీలో 38 తెచ్చుకున్న తర్వాత వచ్చినవి. అందరూ చెప్పారని నెల్లూరులో ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఎంపీసీలో చేర్చాను. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో లెక్కల్లో నూటికి 22 వచ్చాయి, ఫిజిక్స్ ఆరు మార్కుల తేడాతో పోయింది. కెమిస్ట్రీలో మాత్రం 61 శాతం వచ్చింది, భాషలు పాసయ్యాడు. లక్ష రూపాయలు అడ్వాన్సు ఇస్తే వచ్చే ఏడాది మేనేజ్‌మెంట్ కోటాలో ఇంజనీరింగ్ సీటు ఖాయమని ఒకాయన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. మా బావమరిది పాలిటెక్నిక్‌లో వేయమంటున్నాడు. వీడు మొద్దు, వీడికి ఏ కాలేజీలోనైనా సీటు వస్తుందా?
— ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యా, మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. సీటు వస్తుంది. అయితే మీరు భయపడుతున్న చోట మీ అబ్బాయికి జరిగిన నష్టం మీరు అనుకున్నంత పెద్దది కాదు. మీరు చూడని మరో చోట అంతకంటే పెద్ద అడ్డంకి ఉంది. లక్ష రూపాయల సంగతి తేల్చుకునే ముందు ఈ రెంటినీ విడదీసి చూసుకోవాలి.

పదో తరగతి మార్కులతో మొదలుపెడదాం. ఆ మార్కుల మీదే సీట్లిచ్చే పెద్ద సంస్థ మన ప్రాంతంలో ఒంగోలు ట్రిపుల్ ఐటీ. ఆ దారి మూసుకుపోయింది కనుక దాని గురించి బాధపడి లాభం లేదు. ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే ఈఏపీసెట్‌లో పదో తరగతి మార్కులకు విలువ లేదు, డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశాల్లోనూ చూసేది ఇంటర్ మార్కులనే. ఒక్క విషయం మాత్రం ఇప్పుడే చెప్పడం మంచిది. ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో కళాశాలకు వచ్చి ఉద్యోగులను ఎంచుకునే కంపెనీల్లో చాలా వాటికి పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలన్న నిబంధన ఉంటుంది. మీ అబ్బాయి పదో తరగతి శాతం 58.67. ఆ కొన్ని కంపెనీల తలుపు అతనికి తెరుచుకోకపోవచ్చు. ఈ నిబంధన లేని కంపెనీలూ ఉన్నాయి. డిగ్రీ అర్హతతో జరిగే ఏపీపీఎస్సీ పరీక్షల్లోనూ బ్యాంకు పరీక్షల్లోనూ పదో తరగతి శాతం ఎవరూ అడగరు.

ఇక ఇంటర్ మార్కులు. ఈఏపీసెట్ ర్యాంకులో పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్‌లోని గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. పరీక్షలో లెక్కలకు 80, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 40 చొప్పున మొత్తం 160 ప్రశ్నలు, 160 మార్కులు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఆ 160 మార్కులను 75కు కుదిస్తారు కాబట్టి, వేర్వేరు పూటల్లో రాసినవారి మార్కులను సరిసమానం చేసే నార్మలైజేషన్ సంగతి పక్కన పెడితే, ఒక ప్రశ్న విలువ అరమార్కుకు కొంచెం తక్కువ. గ్రూపు సబ్జెక్టుల్లో పది శాతం తగ్గితే పోయేది రెండున్నర మార్కులు, అంటే పరీక్షలో అయిదారు ప్రశ్నలు. మీ అబ్బాయి సప్లిమెంటరీలో పాసై, రెండో సంవత్సరం బాగా చదివి, రెండేళ్లకూ కలిపి గ్రూపులో 60 శాతానికి చేరాడనుకోండి. 90 శాతం తెచ్చుకున్న పిల్లవాడి కంటే అతను వెనకబడేది ఏడున్నర మార్కులు, ప్రశ్నల్లో చెప్పాలంటే పదహారు. పదహారు ప్రశ్నలు చిన్న సంగతి కాదు, ర్యాంకు వేలల్లో మారుతుంది. కానీ లెక్కలు ఒక్కటే 80 ప్రశ్నలున్న పరీక్షలో, ఇంకా ఏడాది సమయం ఉండగా, అది అందుకోలేని దూరమూ కాదు.

మీరు చూడని అడ్డంకి ఏమిటంటే, ఇంటర్‌లో పాసయ్యేందుకు 35 శాతం చాలు గానీ ఇంజనీరింగ్‌లో చేరేందుకు అది చాలదు. గ్రూపు సబ్జెక్టులన్నీ కలిపి ఓసీ విద్యార్థికి 45 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 40 శాతం ఉండాలి. సప్లిమెంటరీ అనగానే ఇళ్లలో అందరూ "ఎలాగోలా గట్టెక్కితే చాలు" అంటారు. మీ ఇంట్లోనూ ఆ మాట వినబడుతూ ఉండవచ్చు. లెక్కల్లో 35, ఫిజిక్స్‌లో 35 శాతంతో గట్టెక్కితే, కెమిస్ట్రీ 61తో కలిపి అతని సగటు 44 దగ్గర ఆగిపోతుంది. రెండో సంవత్సరంలో, ముఖ్యంగా ప్రాక్టికల్స్ మార్కులతో, దాన్ని పూరించుకోవచ్చన్నది నిజమే, కానీ అప్పటి భారమంతా ఒక్క ఏడాది మీద పడుతుంది. అందుకే సప్లిమెంటరీలో లెక్కలకు 45, ఫిజిక్స్‌కు 50 మార్కుల లక్ష్యం పెట్టుకోమని చెప్పండి. అవి రాకపోయినా, పాసయితే తర్వాత మొదటి సంవత్సరం పేపరును ఇంప్రూవ్‌మెంట్ కింద మళ్లీ రాసే వీలుంటుంది, రెంటిలో ఎక్కువ వచ్చినదే నిలుస్తుంది. మొదటి సంవత్సరంలో తప్పినంత మాత్రాన రెండో సంవత్సరంలోకి వెళ్లకుండా ఎవరూ ఆపరన్నది మీకు తెలిసే ఉంటుంది.

మీ ఇంటి చుట్టూ తిరుగుతున్న ఆయన లక్ష రూపాయల మాటకు జవాబు కూడా ఈ నిబంధనలోనే ఉంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు ర్యాంకు ప్రకారం కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో, 30 శాతం యాజమాన్యం నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో ఉంటాయి. ఆ మేనేజ్‌మెంట్ సీటుకు కూడా ఇంటర్ పాసు కావాలి, గ్రూపులో ఆ కనీస శాతమూ కావాలి. రెండు పేపర్లు మిగిలి ఉన్న పిల్లవాడికి ఏడాది ముందుగా సీటు ఖాయం చేయడం ఎవరి చేతిలోనూ లేని పని. పైగా ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవారికే వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాలో నాలుగేళ్ల ఫీజూ మీ జేబు నుంచే పోవాలి. వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు అమ్ముడై చేతికి డబ్బు వచ్చే ఈ రోజుల్లోనే ఇలాంటివారు పల్లెలకు రావడం నేను ఏటా చూస్తున్నాను. ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ అబ్బాయిని మొద్దు అన్నారు. మీరు రాసిన అంకెలు ఆ మాట చెప్పడం లేదు. పదో తరగతి 352లోంచి లెక్కల 38 తీసేస్తే, మిగిలిన అయిదు సబ్జెక్టుల్లో 314 వచ్చాయి, అంటే సగటున 62 దాటింది. ఇంటర్‌లో కెమిస్ట్రీ 61. ఒకే స్థాయి రెండేళ్లూ నిలబడింది, పడింది ఒక్క లెక్కల్లోనే. ఫిజిక్స్ తప్పడానికి కూడా లెక్కలే కారణమై ఉండవచ్చు. ఎందుకంటే మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో సదిశలూ చలనమూ దాటి ముందుకు వెళ్లాలంటే త్రికోణమితి, సమీకరణాలు చేతిలో ఉండాలి. నేనూ ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పినవాణ్ణే కనుక ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు.

లెక్కల్లో బలహీనత ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి ట్యూషన్ మాస్టారు అక్కర్లేదు, ఒక సాయంత్రం చాలు. మూడు చిన్న పనులు చేయించండి. ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్‌ను కారణాంకాలుగా విడగొట్టి, అదే సూత్రంతో 103ను 97తో నోటి లెక్కగా గుణించమనండి, 9991 రావాలి. 1/(x − 1) లోంచి 1/(x + 1) తీసేసి ఒకే భిన్నంగా రాయమనండి. గ్రాఫు మీద (2, 3), (5, 9) బిందువులను కలిపే రేఖ వాలు ఎంతో అడగండి, 2 అని చెప్పాలి. మొదటి రెంటిలో తడబడితే లోపం ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితంలో ఉంది. మూడోది మాత్రమే రాకపోతే నిరూపక జ్యామితిని వదిలేశాడన్నమాట. చాలామంది పిల్లల విషయంలో నేను చూసింది మొదటిదే. కొలనులో ఈత రానివాణ్ణి ఏట్లో దింపినట్లు, ఆ లోపాన్ని అలాగే ఉంచి రెసిడెన్షియల్ కళాశాలలో పొద్దున అయిదు గంటల నుంచి రాత్రి పది దాకా అవధులూ అవకలనమూ చెప్పించినా అతనికి తలకెక్కవు. అది అతని తప్పు కాదు, అక్కడి మాస్టార్ల తప్పు కూడా పూర్తిగా కాదు. వాళ్లు తమ సిలబస్ చెప్పారు, ఇతనికి కావలసింది రెండేళ్ల వెనక ఉంది.

సప్లిమెంటరీ పరీక్షలు మామూలుగా మే నెలలో ఉంటాయి కనుక చేతిలో దాదాపు మూడు వారాలున్నాయనుకుందాం. మొదటి వారం ఇంటర్ పుస్తకం మూసివేసి, పొద్దుటి పూట తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకాల్లోంచి బహుపదులు, వర్గ సమీకరణాలు, త్రికోణమితి, నిరూపక జ్యామితి అధ్యాయాల లెక్కలు రోజుకు ఇరవై చొప్పున చేయమనండి. వారం వృథా అవుతుందని మీకు అనిపించవచ్చు, అది వృథా కాదు. మధ్యాహ్నాలు ఫిజిక్స్‌కు కేటాయించి, ప్రతి అధ్యాయంలో నిర్వచనాలు, ప్రమాణాలు, చిన్న ప్రశ్నలు చూడకుండా రాయించాలి, ఆరు మార్కుల లోటు అక్కడే తీరుతుంది. రెండో వారం నుంచి ఇంటర్ లెక్కల్లో అతనికి పట్టుచిక్కే అధ్యాయాలు మాత్రమే తీసుకోవాలి. సరళరేఖ, త్రికోణమితి లాంటి అధ్యాయాలు గట్టిగా చేస్తే 45 అసాధ్యం కాదు. చివరి వారంలో పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకుని మూడు గంటలు కూర్చుని రాయాలి. చదివిన దానికంటే కాగితం మీద పెట్టినదే లెక్క. ఆ రోజుల్లో బ్యారన్ దగ్గరకు గానీ గ్రేడింగ్ పనికి గానీ అతన్ని పిలవవద్దు. జనవరి, ఫిబ్రవరుల్లో మనిషి సాయం లేక సెలవు పెట్టించి పిలిపించుకున్న ఇళ్లు మన జిల్లాలో చాలానే ఉన్నాయి. మీరూ అలా చేశారో లేదో మీ ఉత్తరంలో రాయలేదు, నేను అడగను.

మీ బావమరిది గారి పాలిటెక్నిక్ సలహా తీసిపారేయదగినది కాదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్‌లో ర్యాంకుతో ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో సీటు వస్తే ఖర్చు చాలా తక్కువ, మూడేళ్ల డిప్లొమా తర్వాత, డిప్లొమా చదివినవారికి పెట్టే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. అయితే రెండు విషయాలు చూడండి. పాలిసెట్ 120 మార్కుల పరీక్ష, అందులో పెద్ద వాటా లెక్కలదే, అదీ పదో తరగతి లెక్కలు. అంటే ఏ పాత లోపమైతే ఇప్పుడు పీడిస్తున్నదో దాన్ని అక్కడా ముందుగా సరిచేసుకోక తప్పదు. ఇక కాలం సంగతి. ఇప్పుడు డిప్లొమాలో చేరితే బీటెక్ చేతికి రావడానికి ఆరేళ్లు, ఇంటర్ పూర్తిచేసి చేరితే అయిదేళ్లు. మోటార్లు, వైరింగ్, ట్రాక్టర్ ఇంజను లాంటివి విప్పి చూడాలన్న ఉత్సాహం అతనిలో మీరు ఎప్పుడైనా గమనించి ఉంటే ఆ ఒక్క ఏడాది ఆలస్యానికి విలువ ఉంది. లేకపోతే ఇంటర్‌నే పూర్తి చేయించండి. సీఈసీ లాంటి గ్రూపుకు మారడం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడమే కనుక, అతను గట్టిగా అడిగితే తప్ప, నేను సూచించను. డిగ్రీ దారి ఎలాగూ తెరిచే ఉంటుంది. ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో ఇంటర్ పాసైన విద్యార్థికి బీఎస్సీ, బీకామ్ సీటు దొరకడం కష్టం కాదు.

మళ్లీ అదే హాస్టల్‌కు పంపాలా అన్నది మీరు అడగలేదు గానీ చెప్పవలసి ఉంది. సప్లిమెంటరీ అయ్యాక అతన్ని ఒంటరిగా కూర్చోబెట్టి, అక్కడ క్లాసులో ఎన్నో సెక్షన్‌లో ఉన్నాడో, అర్థం కానప్పుడు అడగడానికి మనిషి దొరికాడో లేదో కోప్పడకుండా అడగండి. దొరకలేదన్నాడంటే, బోర్డు అనుమతితో ఇంటికి దగ్గరలోని జూనియర్ కళాశాలకు మార్చి, ఆ హాస్టల్ ఫీజులో నాలుగో వంతుతో ఒక మంచి లెక్కల మాస్టారి దగ్గర రోజూ గంటన్నర చెప్పించుకోవడం మీకు చవక, అతనికి మేలు. హాజరు 75 శాతానికి తగ్గకుండా మాత్రం చూసుకోండి.

ఇక ఆలస్యం చేయవద్దు. ఫలితాలు వచ్చాక సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ రోజులే ఉంటుంది, గడువు దాటితే అపరాధ రుసుము పడుతుంది. రేపు పొద్దున వేలం కేంద్రానికి బయలుదేరేలోపే కళాశాలకు ఫోన్ చేసి రెండు పేపర్లకూ ఫీజు కట్టేయండి. లెక్కల్లో వచ్చిన 22 మరీ అనుమానంగా ఉందని అతను అంటే అదే గడువులో జవాబు పత్రాన్ని మళ్లీ పరిశీలించే రీవెరిఫికేషన్‌కు కూడా దరఖాస్తు చేయవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకుని చదువు ఆపవద్దు. ఫలితం వచ్చాక మార్కుల మెమోతో పాటు, మొదటి వారంలో అతను లెక్కలు చేసిన నోటు పుస్తకం కూడా తెచ్చి నాకు చూపించండి. రెండో సంవత్సరం ఎలా నడపాలో ఆ నోటు పుస్తకం చూసి చెబుతాను.