మా అబ్బాయి షిఫ్టులు వేసే పనికి మారవచ్చా?

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలర్‌గా పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసి, మూడేళ్లుగా గచ్చిబౌలిలోని ఒక కాల్ సెంటర్‌లో అమెరికా కస్టమర్లతో మాట్లాడే పని చేస్తున్నాడు. అదే కంపెనీ వర్క్‌ఫోర్స్ మేనేజ్‌మెంట్ విభాగంలో ఖాళీ ఉందని, దానికి దరఖాస్తు చేస్తానని అంటున్నాడు. ఎవరు ఏ షిఫ్టుకు రావాలో రాసే పని అట. జీతం పెద్దగా పెరగదు. డ్యూటీ చార్టు రాయడంలో ఎదుగుదల ఏముంటుంది? – ఒక తండ్రి, ఎల్బీనగర్

జవాబు: దరఖాస్తు చేయమనే నా సలహా. అయితే ఆ విభాగంలో ఏ పనికి తీసుకుంటున్నారో ముందుగా కనుక్కోవాలి. ఏళ్ల తరబడి డ్యూటీ చార్టుల మధ్య గడిపిన మీకు ఈ పని సారం నాకంటే బాగా తెలుసు. మీకు తెలియనిది బహుశా దాని వెనుక ఉన్న లెక్క ఒక్కటే కావచ్చు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. అరగంటలో 100 కాల్స్ వస్తాయని, ఒక్కొక్కటి సగటున 6 నిమిషాలు పడుతుందని అనుకుంటే, మొత్తం 600 నిమిషాల పని, అంటే 20 మంది క్షణం ఖాళీ లేకుండా చేయవలసిన పని అవుతుంది. కానీ కాల్స్ వరుసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు కనుక, సరిగ్గా 20 మందిని కూర్చోబెడితే క్యూ తరిగేదే ఉండదు. 21 మంది ఉన్నా నూటికి 28 కాల్స్ మాత్రమే 20 సెకన్లలోపు అందుతాయి. పరిశ్రమలో తరచుగా వినిపించే లక్ష్యం నూటికి 80 కాల్స్‌ను 20 సెకన్లలోపు ఎత్తడం, దానికి 25 మంది కావాలి. సెలవులు, శిక్షణ, మీటింగులు, విరామాలు కలిపి 30 శాతం సమయం పోతుందనుకుంటే (దీన్నే ష్రింకేజ్ అంటారు) రోస్టర్‌లో, అంటే డ్యూటీ చార్టులో, 36 పేర్లు ఉండాలి. ఇరవై దగ్గర మొదలైన లెక్క ముప్పై ఆరుకు ఎలా చేరిందో మేనేజరు ముందు నిలబడి వివరించగలిగినవాడికి ఈ రంగంలో విలువ ఉంటుంది. ఈ గణితానికి మూలం కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రాలు. నేటి సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు వాటి మీదే ఆధారపడతాయి.

ఈ విభాగంలో స్థూలంగా మూడు బల్లలు ఉంటాయి. రాబోయే వారాల్లో ఎన్ని కాల్స్ వస్తాయో అంచనా వేసేది మొదటిది, ఆ అంచనాను బట్టి షిఫ్టులు, వీక్లీ ఆఫ్‌లు వేసేది రెండవది, ఆ రోజు ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరి బ్రేక్ మించిపోయింది అని తెర చూస్తూ కూర్చునేది మూడవది. కొత్తవారిని సాధారణంగా మూడవ బల్ల దగ్గరే కూర్చోబెడతారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఏడాది గడిచినా అక్కడే ఉంచితే మీరు భయపడుతున్న గుమాస్తా పనే మిగులుతుంది. అందువల్ల అంచనాల పని ఎప్పటి నుంచి నేర్పుతారని ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగమనండి.

లెక్క సరిపోయినంత మాత్రాన రోస్టర్ సరిపోయినట్లు కాదు. రాత్రి 11కి షిఫ్టు దిగిన మనిషిని మరునాడు ఉదయం 6కి రమ్మంటే కాగితం మీద 7 గంటల విశ్రాంతి కనిపిస్తుంది, కానీ గచ్చిబౌలి నుంచి మీ ఎల్బీనగర్‌కు క్యాబ్‌లో రాకపోకలు, స్నానం, భోజనం తీసేస్తే అతనికి మిగిలే నిద్ర నాలుగు గంటలు కూడా ఉండదు. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పగానే, న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు సాయంత్రం 6:30 కాస్తా 7:30 అవుతుంది. ఆ వారం క్యాబుల వేళలు మార్చడం మరచిపోతే ఫ్లోర్ (కాల్స్ తీసుకునే సిబ్బంది) అంతా ఒక గంట ముందే వచ్చి కూర్చుంటుంది. లష్కర్ బోనాల ఆదివారానికి సెలవు చీటీలు కుప్పపడతాయి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నవారందరికీ ఒకే నిమిషంలో విరామం కావాలి, ఆ నిమిషమూ రోజురోజుకూ కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటుంది. మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మీ అబ్బాయికి ఇవన్నీ అనుభవంలోనివే. బయట నుంచి నేరుగా వచ్చే ఎంబీఏ పట్టభద్రుడికి లేని బలం ఇదే.

అదే సమయంలో ఒక ఇబ్బందికి కూడా అతను సిద్ధపడాలి. నిన్నటి వరకు పక్కన కూర్చుని టీ తాగిన మిత్రులే రేపటి నుంచి ఆదివారం ఆఫ్ కోసం ఫోన్ చేస్తారు. ఒకరికి మొహమాటపడి ఇస్తే మిగిలిన ముప్పై ఐదు మందికీ సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. డిపోలో స్పేర్ డ్యూటీలు, నైట్ అవుట్‌ల పంపకంలో వచ్చే తగాదాలు చూసిన మీరు ఈ విషయంలో నాకంటే మంచి గురువు కాగలరు. మీ ఉద్యోగ కాలంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 గంటలని గీత గీసింది కదా, అటువంటి పరిమితులు ప్రతి రంగంలోనూ ఉంటాయి. వాటిని తెలుసుకోకుండా రోస్టర్ వేయకూడదు.

చదువు విషయానికి వస్తే, ముందుగా ఎక్సెల్‌ను లోతుగా, తర్వాత ఎస్‌క్యూఎల్‌ను (డేటాబేస్‌ నుంచి సమాచారం తీసే భాష), మొదటి ఏడాది చివరికి ప్రాథమిక గణాంకశాస్త్రాన్ని నేర్చుకుంటే చాలు. ఇలాంటి లెక్కలు నేర్పే ఆపరేషన్స్ రీసెర్చ్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎంబీఏ కావాలనుకుంటే ఉద్యోగం మానకుండానే ఉస్మానియా దూరవిద్యా కేంద్రంలో గానీ, జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గానీ చేయవచ్చు. అయితే రెండేళ్ల అనుభవం వచ్చాక చేయడమే మేలని నా అభిప్రాయం.

ఈ విద్య కాల్ సెంటర్‌తోనే ఆగిపోదు. షిఫ్టుల గణితంలో తొలి పరిశోధనల్లో ఒకటి 1954లో న్యూయార్క్ టోల్ బూత్‌ల మీద జరిగింది. ఏ గంటకు ఎన్ని గేట్లలో మనుషులు ఉండాలన్న ఆ ప్రశ్నే శంషాబాద్ విమానాశ్రయ కౌంటర్లకూ ఆసుపత్రి వార్డులకూ వర్తిస్తుంది. రోజంతా, వారమంతా నర్సు ఉండవలసిన ఒక్క స్థానానికి వారానికి 168 గంటలు, దాన్ని 48తో భాగిస్తే సెలవులు లెక్కించకముందే మూడున్నర మంది కావాలి.

రాత్రి పని తప్పించుకోవడానికే అతను మారాలనుకుంటుంటే మాత్రం తొందరపడవద్దని చెప్పండి. ఫ్లోర్ రాత్రి నడిచినంత కాలం తెర చూసే మనిషి కూడా రాత్రి ఉండాల్సిందే. ఆ బల్లకు ఏ షిఫ్టు, ఎన్ని నెలలకు ఒకసారి మారుతుందో కూడా ఇంటర్వ్యూలోనే అడిగి తెలుసుకోమనండి.