చవక మైక్రోస్కోప్‌తో ఇంట్లో బాక్టీరియా కనిపిస్తాయా?

ఇంట్లో పిల్లల మైక్రోస్కోప్‌తో బాక్టీరియాను చూడొచ్చా అని అడిగారు. చూడొచ్చు గానీ, ముందే బాక్టీరియాతో పెట్టుకోకండి. కుంటనీళ్లలో బతికే ఏకకణ జీవి పారమీసియంతో మొదలుపెట్టండి. నేను తిరగేసి చేసి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను.

మాది విశాఖపట్నం. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా మైక్రోస్కోప్ కొన్నాం. మొదటి రోజే ఆర్కే బీచ్‌కి వెళ్లి సీసాడు సముద్రపు నీళ్లు తెచ్చాం. చూస్తే అంతా ఇసుకే. గుండ్రంగా ఏదో కనపడగానే "అమీబా!" అని నేనే అరిచాను. తీరా చూస్తే గాలి బుడగ. అమ్మాయి ఇప్పటికీ దెప్పుతుంది.

మరుసటి ఆదివారం పెరుగు తేట. 400 రెట్లలో సన్నటి పుల్లలు వణుకుతూ కనిపించాయి. బతికే ఉన్నాయని సంబరపడ్డాం. తర్వాత చదివితే తెలిసింది: పెరుగు తోడుపెట్టే బాక్టీరియాకు ఈత రాదు, నీటి అణువులు తాకుతుంటే అలా ఊగుతాయంతే.

అప్పుడు నా డిగ్రీనాటి ల్యాబ్ గుర్తొచ్చింది. పాలాయన దగ్గర గుప్పెడు ఎండుగడ్డి అడిగి తెచ్చి, మరిగించి చల్లార్చి, ముడసర్లోవ వైపు ఒక కుంటలోంచి తెచ్చిన నీళ్లు గ్లాసుడు కలిపి, సీసాలో పోసి బాల్కనీలో నీడన పెట్టాను. పైన గుడ్డ కట్టడం మరవకండి. దోమలు గుడ్లు పెడితే మలేరియా వాళ్లొచ్చి పారబోయిస్తారు, వాళ్ల తప్పేం లేదు. నాలుగో రోజుకి కంపు, పైన తెట్టు. ఆ తెట్టంతా బాక్టీరియానే, పారమీసియానికి అదే భోజనం.

ఎనిమిదో రోజు దొరికింది. చెప్పు ఆకారం, బొంగరంలా తిరుగుతూ ఈదుతోంది. దేనికైనా గుద్దుకుంటే కాస్త వెనక్కి తగ్గి, పక్కకి తిరిగి, మళ్లీ ముందుకే. కంటికి ఆగితే కదా! చుక్కలో నాలుగు దూది పోగులు వేశాం. వాటి మధ్య ఒకటి ఇరుక్కుంది. లోపల రెండు చివర్లా రెండు బుడగలు, ఒకటి ఉబ్బి చటుక్కున మాయమైతే రెండోది ఉబ్బుతోంది. "నాన్నా, గుండె కొట్టుకుంటోంది" అంది అమ్మాయి. గుండె కాదు, నీళ్లు తోడుకోవడం. మంచినీటి జీవి కదా, ఒంట్లోకి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మోటారు పెట్టి తోడినట్టు, తోడకపోతే అది పగిలిపోతుంది. అమ్మాయి ఫోన్‌లో టైమ్ పెట్టి లెక్కేసింది: దాదాపు పన్నెండు సెకన్లకోసారి. ఆ రోజు భోజనం మూడింటికి.

పారమీసియం పొడవు సుమారు పావు మిల్లీమీటరు. సీసాను వెలుతురుకి ఎత్తి చూస్తే తెల్లటి నలుసులా మామూలు కంటికే అందుతుంది. బాక్టీరియా చాలావరకు ఒకటి రెండు మైక్రోమీటర్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు), దీని పొడవునా పేరిస్తే వందకు పైగా పడతాయి.

కదిలే బాక్టీరియానే కావాలంటే పెరుగు వదిలేసి పళ్ల పాచి చూడండి. 1683లో డెల్ఫ్ట్ బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ ఒకే లెన్స్‌తో చూసింది దాన్నే. లైటు బాగా తగ్గించండి, ఎక్కువైతే ఏమీ కనపడదు.

సీసా ఇంకా బాల్కనీలోనే ఉంది. అప్పుడప్పుడు రెండు ఉడికిన బియ్యపు గింజలు వేస్తుంటాం. మా ఆవిడ మాత్రం ఆ తలుపు తియ్యనివ్వడం లేదు.