ఫారంలో అన్నీ ‘నో’ పెట్టేయొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మేము టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి 12 ఏళ్లు. ఆగస్టు నుంచి స్కూల్ క్రాస్ కంట్రీ టీమ్‌లో పరిగెత్తాలని ఉబలాటపడుతున్నాడు. స్పోర్ట్స్ ఫిజికల్, అంటే ఆటల్లో చేరేముందు డాక్టరు చేసే పరీక్ష, చేయించి ఫారం తెమ్మన్నారు. వ్యాయామం చేస్తూ ఎప్పుడైనా స్పృహ తప్పిందా, బంధువుల్లో 50 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా అని అందులో ఉంది. పోయిన వేసవిలో పిక్నిక్‌లో పరిగెడుతూ పరిగెడుతూ వీడు పడిపోయాడు. కాసేపటికే లేచాడు, ఎండ దెబ్బ అనుకున్నాం. మా మరిది 28 ఏళ్లకే కాలవలో ఈత కొడుతూ పోయాడు. ‘యెస్’ పెడితే టీమ్‌లోకి తీసుకోరని మావారు అన్నీ ‘నో’ పెట్టేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండింటికీ ‘యెస్’ పెట్టండమ్మా. అంతటితో సరిపోదు. అబ్బాయిని పిల్లల గుండె డాక్టరు చూసేదాకా ఏ పరుగూ వద్దు, ఇంటి దగ్గర పార్కులో కూడా.

ఎండలో నిలబడి నిలబడి కళ్లు తిరిగాయంటే నేను ఇంత గట్టిగా చెప్పను. అది చాలామంది పిల్లలకు జరిగేదే. పరుగు మధ్యలో పడిపోవడం వేరు. గుండె కండరం మందమయ్యే జబ్బు ఒకటుంది, సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. అది ఎక్కువగా వంశంలో వచ్చేదే. గుండె లయ తప్పే జబ్బులు మరికొన్ని. వాటిలో లాంగ్ క్యూటీ అనేదానిలో ఒక రకం ఈత కొడుతున్నప్పుడే బయటపడుతుంటుంది. మీ మరిదికి ఈత బాగా వచ్చా? వచ్చి ఉంటే నా అనుమానం ఇంకా పెరుగుతుంది. పోయింది మీవారి సొంత తమ్ముడు కాబట్టి, ‘నో’ పెట్టమన్న ఆయన కూడా ఈసీజీ తీయించుకోవాలి!

ఫిజికల్‌లో బీపీ, కంటిచూపు, కీళ్లు చూస్తారు. బాతులా నడిపిస్తారు, పిల్లలకు నవ్వొస్తుంది. గుండెను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి వింటారు. ఆ కండరం జబ్బులో వినిపించే చప్పుడు నిలబడితే పెరుగుతుంది. కానీ ఆ జబ్బున్న చాలామందిలో ఏ చప్పుడూ ఉండదు. స్టెతస్కోపుకి దొరకనిది మీరు నింపే ఆ కాగితంలో దొరుకుతుంది. అందులో అబద్ధం రాస్తే ఇక పరీక్ష ఎందుకు?

టెక్సస్‌లో 2019 నుంచి ఆ ఫారంలో ఈసీజీ కావాలా అని కూడా అడుగుతున్నారు. 2012లో క్రాస్బీలో కోడీ స్టీఫెన్స్ అనే హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటగాడు నిద్రలోనే పోయాడు. ఆ తండ్రి పట్టుబట్టి తెప్పించిన చట్టం అది. మిగతా పిల్లలకు ఈసీజీ తల్లిదండ్రుల ఇష్టం. మీవాడికి మాత్రం తప్పదు. ఎకో, ట్రెడ్‌మిల్ లాంటివి ఇంకేం కావాలో గుండె డాక్టరు చెప్తారు.

ఈలోగా మీ అత్తగారికి ఫోన్ చేయండి. ‘మనింట్లో గుండెజబ్బులున్నాయా’ అని అడగకండి, ‘మన ఇంటా వంటా లేవు’ అనేస్తారు. చిన్న వయసులో ఎవరెవరు పోయారు, ఆ సమయానికి ఏం చేస్తున్నారు, మూర్ఛలని ఎవరికైనా మందులు వాడారా అని అడగండి. గాలి సోకిందన్నా, దిష్టి తగిలిందన్నా కొట్టిపారేయకుండా పేరూ వయసూ రాసుకోండి. డాక్టరుకి ఆ కాగితం బంగారం.

మాల్ పక్క క్లినిక్‌లో పది నిమిషాల్లో సంతకం దొరుకుతుంది. అక్కడికి వద్దు, పుట్టినప్పటి నుంచి చూస్తున్న పీడియాట్రీషియన్ దగ్గరికే వెళ్లండి. గుండె డాక్టరుకి రిఫరల్ కూడా ఆయనే రాస్తారు. అపాయింట్‌మెంట్లు ఆలస్యమవుతాయి కాబట్టి రేపే ఫోన్ చేయండి. లోపల కాసేపు అబ్బాయిని డాక్టరుతో ఒంటరిగా వదలండి. టీమ్ పోతుందన్న భయంతో అమ్మానాన్నల ముందు ఛాతీ నొప్పి దాచే పిల్లలను చాలామందిని చూశాను.

టీమ్ సంగతంటారా, ఇలా పరీక్షలకు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగి ఆడుకుంటారు. కోచ్‌కి మాత్రం ఇవాళే ఒక మెయిల్ పెట్టండి, గుండె డాక్టరు కాగితం ఇచ్చేదాకా ప్రాక్టీసుకు రాడని.