గంటలు దాటితే అమెరికాలో ట్రక్ డ్రైవర్ ఉద్యోగం పోతుందా?

మీ బావగారు అమెరికాలో ట్రక్ నడుపుతారని, డ్యూటీ గంటలు దాటారంటూ కంపెనీ తీసేస్తానంటోందని, ఇప్పుడేం చేయాలని అడిగారు. నన్ను 2022లో ఇలాగే తీసేశారు కాబట్టి చెబుతున్నాను.

రూల్ ఆయనకు కంఠతా వచ్చే ఉంటుంది. వరసగా 10 గంటలు రెస్ట్ తీసుకున్నాక 11 గంటలు నడపొచ్చు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే. అసలు చిక్కంతా ఈ 14తోనే. గోడౌన్ దగ్గర ఊరికే కూర్చున్నా ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది.

ఆ రోజు మెక్సికో నుంచి వచ్చిన సరుకు టెక్సస్ సరిహద్దు ఊరు లరేడోలో ఎక్కించుకుని, అదే రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో మర్నాడు ఉదయం 8కి దించాలి. 7కి డ్యూటీ ఎక్కి, 8కి ట్రెయిలర్‌ను గోడౌన్ డాక్‌కి (సరుకు ఎక్కించే గట్టుకి) ఆనించాను. లోడింగ్ అయ్యేదాకా కదలొద్దని ఎర్రలైటు వెలిగింది. అది పచ్చబడేసరికి మధ్యాహ్నం 3. ఆ ఏడు గంటలూ క్యాబ్ వెనక బెర్త్‌లోనే పడుకున్నాను. ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి వచ్చినప్పుడల్లా బండి ఊగి మెలకువ వచ్చేది. లాగ్‌లో, అంటే డ్యూటీ గంటల రికార్డులో, మాత్రం ఆన్ డ్యూటీ అనే వదిలేశాను.

ఆస్టిన్ ట్రాఫిక్ దాటి టెంపుల్ అనే ఊరు చేరేసరికి గంటలు లెక్కపెట్టే టాబ్లెట్‌లో 14 గంటల లెక్కలో 20 నిమిషాలే మిగిలాయి. అక్కడే ఆగితే మర్నాడు దాదాపు 7 దాకా కదలకూడదు, లోడ్ లేటవుతుంది. కంపెనీలో లోడ్లు అప్పగించే డిస్పాచర్‌కి ఫోన్ చేస్తే "పీసీ కొట్టుకుని వచ్చెయ్" అన్నాడు. పీసీ అంటే పర్సనల్ కన్వేయన్స్, సొంత పనికి బండి వాడుకోవడం. లోడ్ ఉన్నా వాడొచ్చు, లోడింగ్ అయ్యాక దగ్గర్లోని పార్కింగ్‌కి వెళ్లడానికీ వాడొచ్చు. దారిలో ఆగే చోట్లు వదిలేసి డెలివరీకి దగ్గరగా పోవడానికి కుదరదు. నేను చేసింది సరిగ్గా అదే, 120 మైళ్లు.

వారం తర్వాత లాగ్ ఆడిట్‌లో దొరికింది. కంపెనీ సేఫ్టీ విభాగం వాళ్లు దాన్ని గంటలు దాటడంగా చూడలేదు, దొంగ లాగ్‌గా చూశారు. డిస్పాచర్ నేనలా అనలేదన్నాడు. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం ఎక్కడుంది?

"రెండు గంటలు ఎక్కువ తోలితే తీసేస్తారా?" అని అమ్మ నమ్మలేదు. మా మామయ్య విజయవాడ ఆటోనగర్ నుంచి రాత్రింబవళ్లు లారీ తోలేవాడు మరి. మన దగ్గరా రోజుకు 8 గంటలే అని 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టం చెప్పేది, ఆయన దాని పేరైనా విని ఉండడు.

కడుపు మండే సంగతి ఇంకొకటి ఉంది. ఆ రోజు నాకు అబద్ధం అవసరమే లేదు. 2020 సెప్టెంబర్‌లో మారిన రూల్ ప్రకారం బెర్త్‌లో కనీసం 7 గంటలు ఉండి, తర్వాత ఇంకో 3 గంటలు రెస్ట్ తీసుకుంటే ఆ రెండూ 14లో లెక్కకు రావు. నిజంగా పడుకున్నాను కాబట్టి ఆన్ డ్యూటీని స్లీపర్ బెర్త్‌గా దిద్ది, కారణం రాసి ఉంటే దర్జాగా ఫోర్ట్‌వర్త్ చేరేవాణ్ణి. ఇలాంటి దిద్దుబాటుకు ఈఎల్‌డీ (లాగ్ రాసే ఎలక్ట్రానిక్ పరికరం) ఒప్పుకుంటుంది. బండి కదిలిన డ్రైవింగ్ టైమ్‌ను తగ్గించడానికి మాత్రం ఒప్పుకోదు.

కాబట్టి ముందు మీ బావగారు ఏం చేశారో తేల్చుకోండి. గంటలు అయిపోయాయి, నడపనన్నందుకు తీసేస్తే చట్టం ఆయన వైపు ఉంది. 180 రోజుల్లోపు ఓషాకు (అమెరికా కార్మిక భద్రతా సంస్థకు) ఫిర్యాదు చేయాలి. రూల్ తప్పమని కంపెనీ బెదిరించి ఉంటే 90 రోజుల్లోపు ఎఫ్‌ఎంసీఎస్‌ఏకి (ట్రక్కుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థకు) రాయొచ్చు. నాలా తనే పీసీ బటన్ నొక్కి ఉంటే ఆ దారులు బాగా ఇరుకవుతాయి. ఇక నుంచి డిస్పాచర్ ఫోన్లో ఏం చెప్పినా "నాకు గంటలు లేవు" అని మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకోమనండి.

నాకు కొత్త ఉద్యోగం దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. పాత కంపెనీలో ఎందుకు మానేశావని అందరూ అడిగారు. జరిగింది జరిగినట్టు చెబితే ఇద్దరు వద్దన్నారు, మూడో ఆయన పది బళ్ల ఓనరు, తీసుకున్నాడు.

ఒక పని మాత్రం ఇవాళే చేయించండి. ఆయన లాగ్‌ల కాపీ, కంపెనీ ఏవైనా మార్పులు సూచించి ఉంటే వాటితో సహా, దగ్గర పెట్టుకోమనండి. కంపెనీ వాటిని దాచాల్సింది 6 నెలలే.