నైజీరియాలో పెట్రోల్ ధర పెంచితే కార్మిక సంఘాలు ఎందుకంతగా భగ్గుమంటాయి?

ముడిచమురు అమ్ముకునే దేశమే అయినా, రిఫైనరీలు సరిగా నడవక నైజీరియా చాలాకాలం పెట్రోల్‌ను బయటి నుంచే కొనుక్కుంది. ధరలో కొంత ప్రభుత్వం భరించేది. సర్కారు నుంచి తమకు ముట్టేది ఆ సబ్సిడీ ఒక్కటేనని జనం బాధపడేవారు.

2012 జనవరి 1న, అదీ పండక్కి ఊళ్లకెళ్లినవాళ్లు తిరిగి రాకముందే, అప్పటి అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ ప్రభుత్వం ఆ సబ్సిడీని ఎత్తేసింది. లీటరు 65 నైరాల (అక్కడి కరెన్సీ) నుంచి ఏకంగా 141కి చేరింది. బస్సు ఛార్జీలతో ఆగలేదు. అక్కడ కరెంటు నమ్మకం లేక మంగలి షాపులో క్లిప్పర్ కూడా పెట్రోల్ జనరేటర్ మీదే తిరుగుతుంది మరి!

సబ్సిడీ డబ్బు దిగుమతిదారులే మింగేస్తున్నారని ప్రభుత్వం వాదించింది. అందులో నిజం లేకపోలేదు. అయితే దొంగల్ని వదిలి మమ్మల్ని బాదుతారా అని సంఘాలు నిలదీశాయి. 9న సమ్మె మొదలైంది. 16న ధర 97కి దిగాక విరమించాయి.